పాదొవా చౌకుల్లో ఒక శనివారం: వెళ్లదగినదేనా?

తెనాలి_మాస్టారు (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇటలీలో పాదొవా విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదువుతున్నది. ఇంగ్లీషు ఉచ్చారణ అలవాటైన మనవాళ్లు పాడువా అనే ఊరు ఇదే. వచ్చే మే నెల రెండో వారంలో నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్లి నాలుగు రోజులు ఉండబోతున్నాం. వెనిస్‌కు అక్కడి నుంచి రైలులో అరగంట, మహా అయితే ముప్పావుగంట ప్రయాణమట. కాబట్టి శుక్రవారం, శనివారం రెండు రోజులూ వెనిస్‌కే కేటాయించాలని నేను లెక్క వేసుకున్నాను.

అయితే మా అమ్మాయి మాత్రం శనివారం ఎక్కడికీ కదలవద్దనీ, పొద్దుటి నుంచి రాత్రి దాకా తమ ఊరి చౌకుల్లోనే గడపమనీ పట్టుబడుతున్నది. అక్కడ పియాత్సా దెల్లె ఎర్బె, పియాత్సా దెల్లా ఫ్రుత్తా అని పక్కపక్కనే రెండు చౌకులు ఉన్నాయట. మొదటిదానికి కూరగాయల చౌకు అనీ, రెండోదానికి పండ్ల చౌకు అనీ అర్థమట. కూరగాయల బజారు చూడటానికి తెనాలి నుంచి అంత దూరం రావాలా అమ్మా, ఆ ముచ్చట ఇక్కడ రోజూ సంచీ పట్టుకుని తీరుతూనే ఉన్నది కదా అంటే, వచ్చి చూశాక మాట్లాడమని ఫోను పెట్టేసింది.

అక్కడ ఉన్నవారు గానీ, వెళ్లి వచ్చినవారు గానీ మూడు సంగతులు చెప్పగలరని ఆశిస్తున్నాను. ఆ చౌకులకు నిజంగా ఒక రోజంతా ఇవ్వదగినంత విషయం ఉన్నదా? మా ఆవిడ గుడ్డు కూడా ముట్టదు కనుక అక్కడ ఆమె తినగలిగినదేమిటి? ఆమెకు మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నందువల్ల, కూర్చోవడానికి చోటు ఎంతవరకు దొరుకుతుందన్నది మూడో ప్రశ్న.

పాదొవా_పాత_విద్యార్థిని (జవాబు):

మాస్టారు గారికి నమస్కారం. నేను ఆ ఊళ్లో మూడేళ్లు చదువుకున్నాను. మీ అమ్మాయి చెప్పినది సబబే. కాకపోతే ఎందుకు సబబో ఆమె మీకు చెప్పినట్లు లేదు.

ఆ రెండు చౌకులూ నిజానికి ఒకే బజారు. వాటి మధ్య పలాత్సో దెల్లా రజోనె అనే మహాభవనం అడ్డంగా నిలబడి ఉండటం వల్ల అవి రెండయ్యాయి. 1218 ప్రాంతంలో మొదలుపెట్టి కట్టిన ఈ భవనం పై అంతస్తులో నగర న్యాయస్థానాలు ఉండేవి, కింది అంతస్తులో అంగళ్లు ఉండేవి. న్యాయస్థానాలు 1797 దాకా నడిచి ఆగిపోయాయి. అంగళ్లు మాత్రం ఈనాటికీ అక్కడే ఉన్నాయి. వాటిని ‘సోత్తో ఇల్ సలోనె’ అంటారు, అంటే ‘పెద్ద హాలు కింద’ అని. మీరు చూడబోయేది పర్యాటకుల కోసం పునరుద్ధరించిన బజారు కాదు. ఎనిమిది వందల ఏళ్లుగా అదే చోట అమ్ముతూ, కొంటూ ఉన్న బజారు. నా గదికి కావలసిన ఉల్లిపాయలూ టమాటాలూ నేను అక్కడే కొనుక్కునేదాన్ని.

శనివారమే ఎందుకంటే, మిగతా రోజుల్లో బయటి కూరగాయల దుకాణాలు మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతానికి సర్దేసుకుంటాయి, శనివారం సాయంత్రం దాకా ఉంటాయి. ఆదివారం అసలే ఉండవు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్లినవారు ఖాళీ రాళ్ల నేలనూ, చెత్త ఊడ్చే బండ్లనూ చూసి, ఇంతేనా అనుకుని వెనక్కి వచ్చేస్తారు. మీరు ఉదయం ఎనిమిదిన్నరకల్లా వెళ్లండి. మే నెలలో బస్సానో అనే ఊరి నుంచి వచ్చే తెల్ల ఆస్పరాగస్ కాడలు కట్టలు కట్టి పేర్చి ఉంటాయి. మన గుమ్మడి పూలలాగే ఉండే జుక్కీనీ పూలను అక్కడ పిండిలో ముంచి బజ్జీల్లా వేయించుకుంటారు, వాటి కట్టలు కూడా కనిపిస్తాయి. ఆర్టిచోక్ అనే పూమొగ్గను అంగడివాళ్లే కూర్చుని చెక్కి, అడుగుభాగం మాత్రం ఉంచి, నల్లబడకుండా నిమ్మరసం కలిపిన నీళ్లలో వేసి అమ్ముతారు. ఆ చెక్కే చేతివాటం చూస్తే, మన మార్కెట్టులో అరటిపువ్వు ఒలిచే అవ్వలే నాకు గుర్తుకు వచ్చేవారు.

ఒక జాగ్రత్త తప్పనిసరిగా చెప్పాలి. అక్కడ పండునైనా కాయనైనా మనం చేత్తో తీసి, నొక్కి, వాసన చూసి ఏరుకోకూడదు. ముందుగా ‘బోన్ జోర్నో’ అని పలకరించి, ఏది ఎంత కావాలో చెబితే వాళ్లే ఏరి తూచి ఇస్తారు. అరకిలోను ‘మెద్జో కీలో’ అంటారు. జున్ను, ఆలివ్ కాయల వంటివి కొనేటప్పుడు వంద గ్రాములను ‘ఉన్ ఎత్తో’ అంటారు. బేరమాడే పద్ధతి కూరగాయల దగ్గర లేదు. మా అమ్మ వచ్చినప్పుడు మొదటి రోజే ఒక టమాటాను నొక్కి చూసి చీవాట్లు తిన్నది. భాష రాకపోయినా తిట్టు మాత్రం అర్థమయిందని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది.

ఇక తిండి సంగతి. సోత్తో ఇల్ సలోనె లోపల జున్ను, రొట్టె, పప్పుదినుసుల అంగళ్లతో పాటు మాంసపు దుకాణాలు చాలా ఉన్నాయి. ఆ ప్రాంతంలో గుర్రపు మాంసం తినడం పాత అలవాటు కనుక అదీ కనిపిస్తుంది. అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి. లోపలికి వెళ్లడం ఇష్టం లేకపోతే బయటి చౌకుల్లోనే ఉండవచ్చు. సాయంత్రం పండ్ల చౌకులో ఉడికించిన చిన్న ఆక్టోపస్‌లు అమ్మే బండి పెడతారు, ఆ మూలకు కూడా వెళ్లనక్కరలేదు.

గుడ్డు లేని తిండి కష్టమేమీ కాదు గానీ అడిగి తినాలి. ‘సెన్సా కార్నె, సెన్సా పేషె, సెన్సా వోవా’ అంటే మాంసం, చేప, గుడ్డు లేకుండా అని అర్థం. ఒక కాగితం మీద రాయించి పెట్టుకోండి. కాఫీ హోటళ్లలో అద్దాల వెనుక ఊరించే మిఠాయిల్లో దాదాపు అన్నింటిలోనూ గుడ్డు ఉంటుంది. రిసోత్తో అనే అన్నపు వంటకం, కూరగాయల సూపు వంటివి పైకి శాకాహారంలా కనిపించినా తరచు మాంసం ఉడికించిన రసంతో చేస్తారు. పార్మిజానో జున్ను తయారీలో పాలను గడ్డకట్టించడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ అనే పదార్థం వాడతారు కనుక పట్టింపు ఉన్నవారు అది కూడా వేయవద్దని చెప్పాలి. అన్నింటికంటె నిశ్చింతగా తినదగినది మరినారా పిజ్జా. పేరు విని సముద్రపు సరుకేదో ఉంటుందని భయపడతారు గానీ, అందులో ఉండేవి టమాటా, వెల్లుల్లి, ఒరెగానో ఆకు, నూనె మాత్రమే.

గోదావరి_వకీలు (జవాబు):

పై సభ్యురాలు బజారు గురించి బాగా చెప్పారు. నేను దాని పై అంతస్తు గురించి చెబుతాను, ఎందుకంటే నేను రెండేళ్ల కిందట వెళ్లింది ప్రధానంగా దానికోసమే. వృత్తిరీత్యా న్యాయవాదిని కనుక కాస్త పక్షపాతం ఉంటే మన్నించండి.

పై అంతస్తులోని హాలు సుమారు 80 మీటర్ల పొడవు, 27 మీటర్ల వెడల్పు ఉంటుంది. అంత హాలులోనూ మధ్యలో ఒక్క స్తంభం కూడా లేదు. 1306లో ఫ్రా జొవాన్ని అనే సన్యాసి చేపట్టిన చెక్క పైకప్పు, బోర్లించిన ఓడ అడుగులా ఉంటుంది. 1420లో అగ్నిప్రమాదం జరిగి, జొత్తో అనే చిత్రకారుడు వేశాడని చెప్పే పాత చిత్రాలు కాలిపోయాయి. 1756లో సుడిగాలి పైకప్పును ఎత్తుకుపోతే మళ్లీ కట్టారు. ఇప్పుడు గోడల మీద ఉన్న చిత్రాలు అగ్నిప్రమాదం తరువాత వేసినవి. అవి నెలలు, గ్రహాలు, రాశులు అనే వరుసలో గోడల చుట్టూ తిరుగుతాయి. ఏ గ్రహప్రభావంలో పుట్టినవాడు ఏ వృత్తి చేస్తాడో బొమ్మలుగా చూపిన ఆ గోడల మధ్య కూర్చుని న్యాయాధిపతులు తీర్పులు చెప్పారంటే, జాతకచక్రం నమ్మే మనకు అది అంత పరాయిగా తోచదు. కింది వరుసలో జంతువుల బొమ్మలు ఉంటాయి. చదువు రాని కక్షిదారు తన వ్యాజ్యం ఏ పీఠం ముందు నడుస్తున్నదో ఆ జంతువును బట్టి గుర్తుపట్టేవాడట. మన కోర్టుల్లో నంబరు బోర్డు ముందు నిలబడి బిక్కమొహం వేసే పెద్దవాళ్లను చూసినప్పుడల్లా ఆ ఏర్పాటు నాకు గుర్తుకు వస్తుంది.

హాలులో ఒక మూల నల్లరాతి పీఠం ఒకటి ఉన్నది. దాని పేరు పియెత్రా దెల్ వితుపెరియో, అంటే అవమానపు రాయి. మన జిల్లాల్లో అప్పులు తీర్చలేనివాడు ‘ఐపీ పెట్టాడు’ అంటాం కదా. పాదొవాలో ఐపీ పెట్టేవాడు ఒంటిమీద చొక్కా, లోదుస్తులు తప్ప మరేమీ లేకుండా, జనం చూస్తుండగా ఆ రాయి మీద మూడుసార్లు కూలబడి, ప్రతిసారీ ‘నా ఆస్తి వదులుకుంటున్నాను’ అనే అర్థం వచ్చే లాటిన్ మాటలు పలికి, ఊరు విడిచి వెళ్లిపోవలసి ఉండేది. వినడానికి ఇది క్రూరంగా ఉన్నా, నిజానికి ఒక సంస్కరణ. అంతకు ముందు అప్పు తీర్చలేనివాడిని జీవితాంతం చెరసాలలో ఉంచే అవకాశం ఉండేది. ఆ ఊరివారు పేరు కూడా చెప్పకుండా ‘ఇల్ సాంతో’ అని మాత్రమే పిలుచుకునే సెయింట్ ఆంథొనీ కోరిక మీద 1231లో ఆ చట్టాన్ని మార్చారు. మన ఊళ్లలో అంతోనివారి పండుగ చేసుకునే క్రైస్తవ కుటుంబాలకు ఈయన తెలుసు. ఆయన సమాధి ఉన్న మహాలయం కూడా ఆ ఊళ్లోనే ఉన్నది.

భవనం నాలుగు మూలలా మెట్లదారులు ఉన్నాయి. వాటికి రాజుల పేర్లో సాధువుల పేర్లో కాక, పక్షుల మెట్లు, ఇనుము మెట్లు, ద్రాక్షసారా మెట్లు, కూరగాయల మెట్లు అని పేర్లు. ఏ మెట్ల కింద ఏ సరుకు అమ్మేవారో ఆ పేరే నిలిచిపోయింది. బియ్యంకొట్ల బజారు, ఇనుపకొట్ల వీధి అనుకునే మనకు ఇంతకంటె వివరణ అక్కరలేదు. రెండు చౌకులనూ కలిపే ఒక కమాను కింద ఆగి చూస్తే, తెల్లరాతి మీద చెక్కిన పాత కొలతలు కనిపిస్తాయి. ధాన్యం కొలత, ఇటుక కొలత వంటివి. కుంచంలోనో మానికలోనో మోసం జరిగిందని అనుమానం వచ్చినవాడు అక్కడికే వచ్చి సరిచూసుకోవచ్చునన్నమాట. ఆ కమానుకు ‘తాడు కమాను’ అని పేరు. మోసగాళ్లను అక్కడే తాడుతో కొట్టేవారని చెబుతారు. పైన కోర్టు, కింద బజారు, మధ్యలో తూనికలూ కొలతలూ! మాస్టారు గారు, మీ కూరగాయల మార్కెట్టుకూ దీనికీ ఉన్న తేడా ఇదే.

హాలు సాధారణంగా సోమవారం మూసి ఉంటుంది, మీరు వెళ్లేది శనివారమే కనుక ఇబ్బంది ఉండదు.

తెనాలి_మాస్టారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఐపీ రాయి సంగతి మా ఆవిడకు చదివి వినిపిస్తే, ఊళ్లో ఎవరెవరిని ఆ రాయి మీద కూర్చోబెట్టాలో జాబితా చెప్పడం మొదలుపెట్టింది. శుక్రవారం ఒక్క రోజు వెనిస్‌కు వెళ్లి, శనివారం పాదొవాలోనే ఉండటానికి ఒప్పుకున్నట్లే. అయితే కాఫీ హోటళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. అక్కడ కుర్చీలో కూర్చుంటే వేరే డబ్బు వసూలు చేస్తారనీ, నిలబడి తాగితే తక్కువనీ విన్నాను, ఇది ఎంతవరకు నిజం? మాకు ఉదయం చిక్కని ఫిల్టరు కాఫీ పడకపోతే తలనొప్పి వస్తుంది.

మిలానో_కాఫీప్రియుడు (జవాబు):

నిజమే. కౌంటరు దగ్గర నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే మరొక ధర. ధరల పట్టికలో రెండూ రాసి ఉంటాయి, కూర్చునే ముందు చూసుకుంటే చాలు. నిలబడి తాగే ఎస్ప్రెస్సోకు మామూలుగా యూరోన్నరకు మించదు. చౌకులో గొడుగు కింద బల్ల దగ్గర అదే కాఫీకి రెండింతలో మూడింతలో ఇచ్చుకోవాలి. అయితే మీరు అక్కడ కొనేది కాఫీని కాదు, కుర్చీని. మోకాళ్ల నొప్పులతో ఉన్న మనిషికి గంటసేపు కదలకుండా కూర్చుని బజారు చూసే వీలు ఆ డబ్బుకు దొరుకుతుంది, ఎవరూ వచ్చి లేవమనరు. భోజనశాలల్లో ‘కొపెర్తో’ అని మనిషికి ఇంతని బిల్లులో కలుపుతారు. అది మోసం కాదు, అక్కడి పద్ధతి.

ఫిల్టరు కాఫీ మీద మాత్రం ఆశ వదులుకోండి. పొరపాటున ‘లాట్టె’ అని అడిగితే గ్లాసు నిండా ఉత్త పాలు తెచ్చి ఇస్తారు, ఎందుకంటే ఆ మాటకు అర్థమే పాలు. మనకు దగ్గరగా ఉండేది ‘కప్పుచ్చీనో’ లేదా ‘కాఫ్ఫె లాట్టె’. మధ్యాహ్నం భోజనం తరువాత కప్పుచ్చీనో అడిగితే వింతగా చూస్తారు గానీ ఇవ్వకుండా ఉండరు.

పాదొవా వెళ్లి కాఫ్ఫె పెద్రోక్కి చూడకుండా రావడం తగదు. కూరగాయల చౌకు నుంచి అయిదు నిమిషాల నడక కూడా ఉండదు. అంతోనియో పెద్రోక్కి అనే కాఫీ వ్యాపారి, జుసెప్పె యప్పెల్లి అనే వాస్తుశిల్పి చేత కట్టించి 1831లో తెరిచిన హోటలు అది. 1916 దాకా రాత్రింబవళ్లు తెరిచే ఉండటం వల్ల దానికి ‘తలుపులు లేని కాఫీ హోటలు’ అని పేరు వచ్చింది. లోపల తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ గదులు ఉన్నాయి. ఆకుపచ్చ గదిలో ఏమీ కొనకపోయినా కూర్చుని పత్రిక చదువుకోవచ్చునన్నది పాత ఆనవాయితీ. డబ్బులేని విద్యార్థులు చలికాలంలో అక్కడే చేరేవారు. పాదొవా ఆస్ట్రియా పాలనలో ఉండగా, 1848 ఫిబ్రవరి 8న విద్యార్థులకూ ఆస్ట్రియా సైనికులకూ మధ్య ఘర్షణ జరిగింది. ఆనాడు తూటా దిగిన గుర్తు తెల్ల గది గోడలో ఇంకా ఉన్నది. ఎదురుగా ఉన్న వీధికి కూడా ఆ తేదీనే పేరుగా పెట్టారు. ఆ వీధిలోనే మీ అమ్మాయి విశ్వవిద్యాలయపు పాత భవనం ఉంటుంది. 1222లో మొదలైన ఆ విద్యాపీఠంలో గలీలియో 1592 నుంచి 1610 వరకు పాఠాలు చెప్పాడు. పట్టా పుచ్చుకున్న పిల్లలు తలకు ఆకుల దండ పెట్టుకుని స్నేహితులతో పాటలు పాడించుకుంటూ కనిపించవచ్చు. ఆ పాటల అర్థం మాత్రం మీ అమ్మాయిని అడగవద్దు, ఇబ్బంది పడుతుంది.

పెద్రోక్కి పేరిట ఇచ్చే కాఫీ మీద పుదీనా కలిపిన మీగడ, పైన కోకో పొడి ఉంటాయి. చక్కెర వేయకుండా, చెంచాతో కలపకుండా తాగాలని అంటారు. నాకు అది కాఫీలా అనిపించలేదు, మందులా అనిపించింది. ఇష్టపడేవారు చాలామంది ఉన్నారు కనుక నా మాట విని మానేయవద్దు.

పై సభ్యులతో ఒక విషయంలో మాత్రం ఏకీభవించలేను. మధ్యాహ్నపు ఎండలో అక్కడే ఉండటం వల్ల ఉపయోగం లేదు. మే నెలలో తెనాలి ఎండతో పోలిస్తే అది ఎండే కాదు గానీ, పన్నెండు నుంచి నాలుగు దాకా ఇంటికి వెళ్లి పడుకుని, అయిదింటికి మళ్లీ రావడం మేలు. ఆ వేళకు కూరగాయల దుకాణాలు ఒక్కొక్కటీ సర్దుకుంటుంటాయి, కాఫీ హోటళ్లవాళ్లు బల్లలు ముందుకు జరుపుకుంటుంటారు, ఊరంతా అక్కడికే చేరుతుంది. అందరి చేతుల్లో కనిపించే నారింజరంగు పానీయం స్ప్రిట్స్. అందులో కలిపే అపెరోల్ 1919లో ఆ ఊళ్లోనే పుట్టింది. అందులో మద్యం ఉంటుంది కనుక వద్దనుకుంటే ‘అనాల్కోలికో’ అని అడగండి. అదే రంగులో మద్యం లేనిది తెచ్చి ఇస్తారు.

పాదొవా_పాత_విద్యార్థిని:

కాఫీప్రియుడు గారు చెప్పిన విరామం మంచిదే, అమ్మగారి మోకాళ్లకు మరీ మంచిది. అక్కడి నేల గుండ్రాళ్లు పరిచిన నేల కనుక చెప్పులు కాక మెత్తని బూట్లు వేయించండి. స్టేషను నుంచి చౌకుల దాకా ఇరవై నిమిషాల నడక, అంత నడవలేనివారికి ట్రాము ఉన్నది.

సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు పక్కనే ఉన్న పియాత్సా దెయి సిన్యోరి మీదుగా రండి. అక్కడి గోపురం మీద ఇరవై నాలుగు గంటల పాత గడియారం ఉన్నది, దాని ముఖం మీద రాశిచక్రం ఉంటుంది. మాస్టారు గారు రాశులు లెక్కపెట్టి చూస్తే పదకొండే వస్తాయి. తులారాశి ఉండదు. గడియారం చేసినవాడికి కూలి సరిగా ఇవ్వకపోతే, న్యాయానికి గుర్తయిన త్రాసును కావాలనే వదిలేశాడని ఊరివాళ్లు కథ చెబుతారు. పండితులు మాత్రం అతి ప్రాచీన చక్రంలో తులకు వేరే స్థానం లేదనీ, వృశ్చికపు ముందరి డెక్కలే ఆ చోటును ఆక్రమించేవనీ అంటారు. నేను తులారాశిలో పుట్టినదాన్ని కనుక నాకు కూలి కథే ఇష్టం.

తెనాలి_మాస్టారు:

మా ఆవిడది కూడా తులారాశే. గడియారం సంగతి ఇప్పుడే చెబితే ప్రయాణం మానేస్తానంటుందేమో, అక్కడికి వెళ్లాక చూపిస్తాను. శనివారం ఉదయం ఎనిమిదిన్నరకు కూరగాయల చౌకులో ఉంటామని అమ్మాయికి రాసేశాను. సంచీ కూడా పట్టుకు రమ్మన్నది.